కుటుంబ మతం అని ఒక గడి

సోషియాలజీలో బి.ఎ. పూర్తి కావాలంటే ఏమేం కావాలని ఈమధ్య మా పిన్ని కూతురు ఫోన్ చేసి అడిగింది. దానికి ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేల్చుకోలేకపోతోంది. నేను గడగడా చెప్పేశాను. ఆరు సెమిస్టర్లు, క్రెడిట్లు, డెబ్బై ఐదు శాతం హాజరు, ఇంటర్నల్స్, చివర్లో ఒక ప్రాజెక్టు, దాని మీద వైవా. "అంతేనా అక్కా?" అంది. అంతే అన్నాను. అబద్ధం. నాకు ఇంకొకటి కూడా కావాల్సి వచ్చింది. నా డిగ్రీ పూర్తి కావడానికి ఇంకో అమ్మాయి డిగ్రీ ఆగిపోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఫోన్లో చెప్పేది కాదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు కూడా. ఇక్కడ రాస్తున్నాను. చదివి తిట్టుకుంటే తిట్టుకోండి, నన్ను నేను తిట్టుకున్నంత మీరెవరూ తిట్టలేరు.

మాది మారేడ్‌పల్లి. అమ్మ స్కూల్లో టీచరు, నాన్నది ఆఫీసు ఉద్యోగం. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆదివారం వస్తే అందరం ఒకే బెంచీలో కూర్చునేవాళ్లం. అన్నం ముందు ప్రార్థన అందరిదీ. ఇంట్లో ఒకరికి ఒక దేవుడు, ఇంకొకరికి ఇంకో దేవుడు ఉండొచ్చన్న ఆలోచనే నాకు లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే నా తప్పు ఇక్కడే పుట్టింది. తర్వాత నేను చేసింది మాత్రం తప్పు కాదు. దానికి వేరే పేరుంది.

చదువులో నేను అంతంత మాత్రమే. బద్ధకం. ఐదు సెమిస్టర్లు ఎలాగో గట్టెక్కాను. ఆరో సెమిస్టర్లో ప్రాజెక్టు దగ్గర దొరికిపోయాను. బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి చుట్టుపక్కల నలభై ఇళ్లు తిరిగి ఫారాలు నింపుకురమ్మన్నారు. ఎండలో నలభై ఇళ్లు ఎవరు తిరుగుతారు? క్యాంటీన్లో కూర్చుని, రెండు ప్లేట్ల సమోసాలు తింటూ, నలభై కుటుంబాలనూ నేనే పుట్టించాను. మా ముందు బ్యాచీ వాళ్లు చేసింది అదే, వాళ్ల ముందు వాళ్లు చేసింది కూడా అదే.

మా డిపార్ట్‌మెంట్ మేడమ్‌ది మంచి నోరు కాదు. ఫారాల కట్ట తీసుకుని నాలుగు తిప్పింది. క్లాసు మొత్తం చూస్తుండగా, "నలభై ఇళ్లలో ఒక్క తాగుబోతు లేడా? ఒక్క ముసలమ్మ లేదా? అందరికీ ఇద్దరే పిల్లలా? ఏం బస్తీ అమ్మా అది, స్వర్గమా?" అంది. అందరూ నవ్వారు. కట్టను నా చేతికివ్వలేదు. బల్ల పక్కనున్న చెత్తబుట్టలో వేసింది. "రెండు వారాలిస్తున్నా. ఒక్క మనిషిని పట్టుకో. ఆ మనిషి జీవిత కథ రాసుకురా. నిజమైన మనిషి కావాలి నాకు. లేకపోతే నీ వైవా ఉండదు, డిగ్రీ ఉండదు. వచ్చే ఏడాది జూనియర్ల పక్కన కూర్చో."

జూనియర్ల పక్కన అన్న మాట గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ జూనియర్లలో మా పనామె కూతురు ఉంది.

పనామె అని రాస్తే మీకు బాగుండకపోవచ్చు. ఎదురుగా ఉంటే ఆంటీ అనేదాన్ని, పక్కకు పోగానే పనామె అనేదాన్ని. ఇప్పుడు కొత్తగా మర్యాద ఎందుకు నటించడం? బన్సీలాల్‌పేట్‌లో ఉండేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. అప్పటికి పదేళ్లుగా మా ఇంట్లో అంట్లు తోముతోంది. కూతురు ఇంటర్ పాసైతే మా అమ్మే తీసుకెళ్లి నేను చదివే కాలేజీలో, నా సబ్జెక్టులోనే చేర్పించింది. నా పాత నోట్సు ఆ అమ్మాయికి ఇచ్చింది. అంతటితో ఊరుకుందా? ప్రతి సెమిస్టర్ ఫలితాలు రాగానే ఆ అమ్మాయి మార్కులూ నా మార్కులూ పక్కపక్కన పెట్టి చూసేది. "నీ నోట్సు చదివే దానికి అన్ని వచ్చాయే. నీ నోట్సు నువ్వెప్పుడు చదువుతావే?" అనేది. ఆ అమ్మాయంటే నాకు ఒళ్లు మంట. మొదటి సంవత్సరంలో అది కాలేజీలో అడుగుపెట్టిన వారానికే, వాళ్లమ్మ మా ఇంట్లో గిన్నెలు తోముతుందని మా వాళ్లందరికీ చెప్పేశాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

ఆ రోజు ఇంటికొచ్చి ఏడుస్తుంటే వంటింట్లోంచి పనామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని, "గింత దానికే ఏడుస్తవా పాప? నా కతనే రాస్కో. నాకు జరిగినన్ని ఎవలకు జరిగినయ్? మా ఇంటికి రా, కూసొని మంచిగ చెప్త" అంది. పిలిచి పీట వేసింది పాపం.

పది రోజులు వాళ్లింటికి పోయాను. ఒకే గది. ఒక గోడకు వాక్యం రాసున్న చర్చి క్యాలెండర్, ఎదుటి గోడకు పుస్తకాలు పెట్టుకునే చెక్క పలక. ఆ పలక మీద పుస్తకాల పక్కన పసుపు కుంకుమ పెట్టిన అమ్మవారి పటం ఒకటి. పనామె నాకు చాయ్ పోసి, కింద చాప మీద కూర్చుని చెప్పేది. "మా ఆయన తాగి తాగి సచ్చిండు. సావుకు ఎవ్వలు రాలే. పక్క గల్లీల ప్రార్థన చేసేటోళ్లు ఒచ్చి నా ఎంబడి మూడు రోజులు కూసున్నరు. అన్నం తినిపిచ్చిన్రు. గప్పుడే ప్రభువును నమ్ముకున్న. నీళ్లల్ల ముంచిన్రు. ఏం చెప్పాలె పాప, మనసు నిమ్మళమైంది." నేను ఫోన్లో రికార్డు చేసుకునేదాన్ని. ఐదో రోజో ఆరో రోజో కూతురి చదువు సంగతి వచ్చింది. "దాని సర్టిఫికెట్ల హిందూ అనే ఉంది, ఎస్సీ అని. బడిల ఏసినప్పుడు తీసింది. గదుంటేనే గవర్నమెంటు ఫీజు కడ్తది" అంది. దాచిపెట్టే మాటలా చెప్పలేదు. బియ్యం ఎక్కడ కొంటామో చెప్పినట్టు చెప్పింది.

ఎస్సీలు క్రైస్తవంలోకి మారితే ఎస్సీ కింద లెక్క కాదు, బీసీల్లో వేరే వర్గం కిందికి పోతారు. ఆ పాఠం మాకు నాలుగో సెమిస్టర్లోనే అయింది. అందుకే ఆ మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆ పది రోజులూ కూతురు ఆ గదిలోనే ఉంది. మంచం మీద కూర్చుని చదువుకునేది. నేను రాగానే "నమస్తే అక్కా" అనేది. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చేది. పది రోజుల్లో ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగలేదు. జూనియర్ని, అదీ పనామె కూతుర్ని, నేను అడగడమేంటి? జీవిత కథకు ముందు జతచేయాల్సిన ఫారంలో మూడో గడి 'కుటుంబ మతం'. అందులో 'క్రైస్తవం' అని రాశాను. అమ్మవారి పటం కళ్లారా చూశాను. దాని గురించి 'పూర్వ సంస్కృతి అవశేషాలు ఇంట్లో ఇంకా కనిపిస్తున్నాయి' అని ఒక వాక్యం రాశాను. పుస్తకంలో ఉన్న మాట. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

మేడమ్ చదివింది. ఎర్ర పెన్ను తీసింది. సర్టిఫికెట్ సంగతి ఉన్న పేరా కింద రెండు గీతలు గీసి, మొదటిసారి నా వైపు మనిషిని చూసినట్టు చూసింది. "ఇదీ! ఇక్కడుంది సోషియాలజీ. దీన్ని ముందుకు తీసుకురా. కూతురు ఏం చదువుతోంది? రాయి. వివరం లేకపోతే ఎవడు నమ్ముతాడు?"

పేర్లు మార్చాను. పేర్లు మారిస్తే చాలు, అంతా క్షేమం అని మాకు నేర్పారు. తల్లికి ఒక పేరు పెట్టి, 'కూతురు సికింద్రాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతోంది' అని రాశాను. తెలియక రాశానని చెప్పను. ఎవరికి తెలుస్తుందో తెలిసే రాశాను.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆనవాయితీ ఉంది. వైవాకు ముందు, ఆ ఏడాది మంచి ప్రాజెక్టు ఒకటి ఎంచి, మూడు సంవత్సరాల క్లాసుల వాళ్లనూ కూర్చోబెట్టి, రాసిన వాళ్లతోనే పైకి చదివిస్తారు. ఆ ఏడాది నాది ఎంచారు. చెత్తబుట్టలోంచి బల్ల మీదికి! నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ అమ్మాయి రెండో వరసలో కూర్చుంది, నోట్‌బుక్ తెరిచి, రాసుకోవడానికి.

కూతురు రెండో సంవత్సరం చదువుతోందన్న ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చదవకుండా దాటేయొచ్చు. దాటేయలేదు. గొంతు సవరించుకుని మరీ చదివాను. ముందు ఇద్దరు ఆ అమ్మాయి వైపు తిరిగి చూశారు, తర్వాత వరస మొత్తం తిరిగింది. వెనకనుంచి మా క్లాసు అబ్బాయి ఒకడు లేచి, "మేడమ్, అంటే ఆ స్కాలర్‌షిప్ ఫ్రాడ్ కదా?" అన్నాడు. "వెరీ గుడ్ క్వశ్చన్" అంది మేడమ్. చట్టం ఏమంటుంది, సమాజం ఏమంటుంది, మతం మారితే కులం పోతుందా అని అరగంట చర్చ పెట్టింది. చేతులు లేచాయి. జన్మలో నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. ఆ అరగంటా ఆ అమ్మాయి తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉంది. ఏం రాసుకుందో నాకు తెలియదు. చివర్లో చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది.

మూడో రోజుకు సంగతి కాలేజీ ఆఫీసుకు చేరింది. ఎవరు చేర్చారో అడక్కండి, అంతమంది విన్నాక ఎవరైతేనేం. స్కాలర్‌షిప్ ఫైళ్లు చూసే ఆయన ఆ అమ్మాయిని పిలిచి, నీ మీద మాట వచ్చింది, తేలేదాకా ఫైలు పంపను అన్నాడట. ఫైలు కదలకపోతే ఫీజు రాదు. ఫీజు రాకపోతే హాల్‌టికెట్ లేదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. వాళ్లమ్మ అప్పటికే పని ముగించుకుని వెళ్లిపోయింది. మా అమ్మ హాల్లో పేపర్లు దిద్దుకుంటోంది. ఆ అమ్మాయి చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నువ్వు నన్ను అడగనేలే గదా" అంది.

"ఏం అడగాలి?"

"నాది ఏం మతమని. మా అమ్మ ఒక్కతే మునిగింది అక్కా. నేను బాప్తిస్మం తీసుకోలే. అమ్మ రోజు ఏడుస్తది, బిడ్డా నువ్వు సుత ప్రభువును ఒప్పుకో అని. నేను ఒప్పుకోలే. పలక మీద పటం చూసినవ్ గదా, అది నాదే. బోనాలకు బోనం ఎత్తేది నేనే. నా సర్టిఫికెట్ల ఉన్నది నిజం అక్కా. అబద్ధం లేదు."

అవశేషాలు! నా మొహం మండ. అవశేషం కాదు, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి.

"ఎల్లుండి ప్రిన్సిపాల్ సార్ పిలుస్తుండు. మా అమ్మను గూడ రమ్మన్నడు. నువ్వు ఒక్క మాట చెప్తే అయిపోతది. 'ఈ పిల్లను నేను అడగలే, అడగకుండనే రాసిన' అని. గంతే. నిన్ను ఏమనరు అక్కా, మిస్టేక్ అయిందంటరు." దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నాకు ఒక సాకు దొరికేది.

చెప్తాలే అన్నాను. ఆ క్షణంలో నిజంగానే చెప్పాలనుకున్నాను.

మర్నాడు మేడమ్ దగ్గరికి పోయాను. తలుపు మూయమంది. "అడగలేదా? పది రోజులు వాళ్లింట్లో కూర్చుని, పక్కనున్న పిల్లను అడగలేదా? మరి కుటుంబ మతం ఏ లెక్కన రాశావు? ఆ మాట నువ్వు ప్రిన్సిపాల్ ముందు చెప్పావంటే నీ ప్రాజెక్టు తప్పుడు ప్రాజెక్టు. నేను సంతకం పెట్టను. అందరి ముందు చదివించినందుకు నా పరువూ పోతుంది. గురువారం నీ వైవా. ఆలోచించుకో." ఇంత చెప్పి ఫోన్ తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టింది. నేను నిలబడే ఉన్నాను. "ఇంకా ఏంటి?" అంది.

ఇంటికొచ్చి మేడమ్ అన్నదంతా అమ్మతో చెప్పాను. గుమ్మంలో ఆ అమ్మాయి చెప్పిందంతా అమ్మ విన్నది కదా, దారి చూపుతుందనుకున్నాను. అమ్మ ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. "నువ్వు ఎం.ఎ.లో చేరుతున్నావని చర్చిలో అందరికీ చెప్పానే" అంది. ఆపైన, "ముందు నీ వైవా కానియ్యి. తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు. వాళ్లకేదో ఒక దారి దేవుడే చూపిస్తాడు. ప్రార్థన చేద్దాం రా" అంది. చేశాం. ఆ పిల్ల పేరు పెట్టి మరీ చేసింది మా అమ్మ.

ప్రిన్సిపాల్ గదిలో ఆయన, స్కాలర్‌షిప్ ఫైళ్లాయన, ఆ అమ్మాయి, వాళ్లమ్మ, నేను. పనామె పండగ చీర కట్టుకుని వచ్చింది. ఎందుకు పిలిచారో ఆమెకు సరిగ్గా తెలియదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఆ అమ్మాయి తన మాట చెప్పింది, నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను బాప్తిస్మం తీసుకోలేదు సార్, కావాలంటే అక్కను అడగండి, నన్ను అడగకుండానే రాసింది అంది. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఈ అమ్మాయిని అడిగే రాశావా, అడక్కుండా రాశావా?"

"అడిగే రాశాను సార్" అన్నాను.

"ఏం చెప్పింది?"

నా నోరు దానంతట అదే కదిలింది. "తను కూడా నమ్ముకున్నానని చెప్పింది సార్. బాప్తిస్మం తీసుకున్నానంది."

ఆ అమ్మాయి నన్ను చూస్తుందనుకున్నాను. చూడలేదు. ఆ గదిలో ముందుగా కదిలింది పనామె. నా మాట అర్థం కావడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అర్థం కాగానే కూతురి రెండు చేతులూ పట్టుకుంది.

"నిజమా బిడ్డా? ప్రభువును ఒప్పుకున్నవా? నాకెందుకు చెప్పలే?" ఆమె కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారిపోయాయి. "సార్, ఎన్నేండ్ల సంది ఏడుస్తున్న సార్ నేను దీని కోసం. మోకాళ్లు అరిగిపోయినయ్. స్తోత్రం! దేవా, స్తోత్రం!"

"అమ్మా, జెర ఆగు" అంది కూతురు.

"చదువుకున్న పిల్ల అబద్ధమెందుకు చెప్తది సార్? నాతోని అనడానికి దీనికి సిగ్గు. అక్కతోని చెప్పింది" అంది పనామె, నన్ను చూపిస్తూ. కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

ఫైళ్లాయన ప్రిన్సిపాల్ వైపు చూసి, తల్లే ఒప్పుకుంటోంది కదా సార్ అన్నాడు. ప్రిన్సిపాల్ మంచివాడే. కూతుర్ని ఇంకోసారి అడిగాడు. "చూడమ్మా, చివరిసారి అడుగుతున్నా. నువ్వేమంటావు?"

ఆ అమ్మాయి వాళ్లమ్మ మొహం చూసింది. పదేళ్లలో నేను ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. లేదు అన్న ఒక్క మాట చాలు, చదువు దక్కుతుంది. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు.

"మీ ఇష్టం సార్" అంది.

నేను చెప్పిన మాటే నన్ను రాసి ఇవ్వమన్నారు. రాసిచ్చాను. గురువారం వైవా బాగా జరిగింది. బయటనుంచి వచ్చిన ఎగ్జామినర్, ఫీల్డ్ వర్క్ అంటే ఇలా ఉండాలి అన్నాడు. నాకు డిగ్రీ వచ్చింది. ఆ అమ్మాయికి హాల్‌టికెట్ రాలేదు. ఫైలు ఏ ఆఫీసుకు పోయిందో, అక్కడ ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. మూడో సంవత్సరంలో చేరలేదు. ఒక బట్టల షాపులో పనికి కుదిరిందని తర్వాత తెలిసింది. ఎప్పుడో ఒకసారి బస్సులో కనబడింది. "నమస్తే అక్కా" అంది. అదే గొంతు. నేను రెండు స్టాపుల ముందే దిగిపోయాను.

తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు అంది కదా మా అమ్మ. ఎంత నెమ్మదిగానో చూశారుగా.

ప్రిన్సిపాల్ గదిలోంచి వచ్చిన మర్నాడు పొద్దున జరిగింది కూడా చెప్పి ఊరుకుంటాను. పనామె ఎప్పటికంటే ముందే వచ్చింది. చేతిలో బేకరీ డబ్బా. లోపల కేకు. మా అమ్మ చేతిలో పెట్టి, "టీచరమ్మా, నా బిడ్డ నాతోని చెప్పలే, పాపతోని చెప్పింది. ఫీజుదేమున్నది, ప్రభువే చూసుకుంటడు. రాత్రి నా పక్కన మోకరించింది అమ్మా, నేను ఏం చెప్తే గది చెప్పింది. పటం గూడ తనే తీసి లోపల పెట్టింది" అంది. నా దగ్గరికొచ్చి నా కుడిచేయి తీసుకుని కళ్లకద్దుకుంది.

మా అమ్మ నన్ను చూసింది. నేను అమ్మను చూశాను. ఇద్దరిలో ఎవరైనా ఒకరు నోరు విప్పొచ్చు. అమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుంది. "ప్రార్థన చేసి తిందాం" అంది. ముగ్గురం కళ్లు మూసుకున్నాం. ఒక ఆత్మను రక్షించినందుకు అమ్మ దేవునికి వందనాలు చెల్లించింది. పనామె ఏడుస్తూ ఆమెన్ అంది. నేనూ ఆమెన్ అన్నాను. కేకు కోసి మొదటి ముక్క ఆమే నా నోట్లో పెట్టింది. తిన్నాను.